నేను పెట్టని సున్న

నాకు ఇంగ్లీషు రాదప్పా. రాదంటే రాదు, దాంట్లో సిగ్గుపడేదేముండాది? కన్నడం చదువుతాను, తెలుగు రాస్తాను, నోరు రెండిట్లోనూ బాగానే ఆడుతుంది. పదకొండేండ్లుగా ప్రసాద్ సార్ ద్రాక్షతోటలో పని చేస్తా ఉండాను. మొదట తీగలు కట్టేదాన్ని, ఇప్పుడు వైను ట్యాంకుల దగ్గర గూడా నేనే. ఏ ట్యాంకులో ఏముండాదో తెలుగులోనే రాసి పెడతాను. "అలివేలమ్మా, ఒకటి రెండు మూడు అని నంబర్లు వేయకూడదా?" అని సార్ ఎన్నోసార్లు అడిగినాడు. నంబరు వేస్తే ఆ కాయ యాడ పండిందో నాకెట్ల గుర్తుంటుంది? ఏ మడి కాయైతే ఆ మడి పేరు రాస్తాను. ఆ రాతే మొన్న ఏప్రిల్‌లో ఒక బుధవారం నాడు నా కొంప ముంచబోయింది. తప్పు నాదేనని ఒప్పుకునేదానికి నాకు వారం పట్టింది, ఆ మాట చివర్లో చెప్తాను.

మా గుట్ట బెంగళూరుకు ఉత్తరం పక్క గంటన్నర దారి. చుట్టూ ఎర్రమన్ను, నల్లబండ. ఈ గుట్ట నెత్తిన మాత్రం రెండెకరాల మేర తెల్లగా సున్నపురాయి. నా చిన్నప్పుడు ఆడ బట్టీలు ఉండేవి. మా అమ్మ శాంతమ్మ ఆ బట్టీల్లో రాయి మోసింది, రాయి కాల్చింది. ఆమె అరచేతులు ఎప్పుడూ పగిలి ఉండేవి, అన్నం కలిపితే మంట పుట్టి ఎడమచేత్తో నీళ్ళు పోసుకునేది. తర్వాత రంగుల డబ్బాలొచ్చి, గోడలకు సున్నం కొట్టేవాళ్ళు లేక, బట్టీలు ఆరిపోయినాయి. ఆ జాగా ఎవరికీ పనికిరాకుండా పడిపోయింది. మా పక్క అందరూ దాన్ని "సున్న" అంటారు. కన్నడంలో సున్నం అంటే సున్నే కదా, మేము తాతల నాటి నుంచి ఈడుండేవాళ్ళం, మా తెలుగులో గూడా అదే దూరిపోయింది. "యాడికి పోతా ఉండావు?" అంటే "సున్న మీదికి" అంటాము. అంతే, ఇంకేం ఆలోచన లేదు.

ప్రసాద్ సార్ కంప్యూటరు కెలసం, అదే ఉద్యోగం, విడిచిపెట్టి ఈ గుట్ట కొన్నప్పుడు తీగలన్నీ కింద ఎర్రమన్నులోనే పెడదామన్నాడు. నేనే అడ్డం పడినాను. "పైన పెట్టండి సార్, ఆ తెల్లరాయి మీద." ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసినాడు. నాకు చదువు లేదు గానీ నాలుకుండాది. బట్టీ పక్కన ఒక రేగుచెట్టు ఉండేది. కింద చెట్ల కాయలు లావుగా, చప్పగా ఉండేవి. దీనివి శనగగింజంత, కానీ నోట్లో వేసుకుంటే పులుపూ తీపీ రెండూ పోటీపడి నాలుకను పట్టుకునేవి. రేగుకు అట్లయితే ద్రాక్షకు ఎందుకు కాదు? ఇదే చెప్పినాను సార్‌కు. పాపం ఆయన నమ్మినాడు. ఫ్రాన్సు దేశపు తెల్లద్రాక్ష ఒకటి తెప్పించి, పేరు నా నోరు తిరగదులే, అదే తీగను కింద నాలుగు చోట్లా పైన ఒక చోటా పెట్టినాడు.

మొదటి మూడేండ్లు నన్ను ఏడిపించిందప్పా ఆ సున్న. వానకాలం పోతానే ఆకులు పసుపెక్కేవి. ఈనెలు పచ్చగా, మిగతాదంతా కామెర్లొచ్చినట్లు. సున్నం ఎక్కువుండే నేలలో ఆకుకు ఇనుము అందదంట. ఇనుముండే అన్నభేది నీళ్ళలో కలిపి చల్లినాము. చచ్చినవి పీకేసి, సున్నానికి ఓర్చుకునే వేరు తెప్పించి, దానికి మా కొమ్మ అంటు కట్టినాము. నాలుగో ఏడు నిలదొక్కుకుంది. ఒకసారి కాలువ తవ్వతా ఉంటే చూసినాను, నా జడ పాయంత వేరు ఒకటి రాయి పగుల్లో పడి మనిషి నిలువు కంటే లోతుకు పోయి ఉండాది. ఎందుకు పోదు? పైన పడిన వాన పడినట్లే జారిపోతుంది, నీళ్ళు కావాలంటే దిగాల్సిందే. మండే మార్చి నెలలో ఆ రాయిని పగలగొట్టి చూడు, లోపల చల్లగా, తడిగా ఉంటుంది. ఆ రాయి నీళ్ళు ఇస్తుంది, కానీ రవ్వరవ్వే ఇస్తుంది. అందుకే పైన తీగ ఎప్పుడూ బక్కగానే ఉంటుంది. కాయ చిన్నది, తోలు మందం.

ఇంకొకటి చలి. సముద్రానికి నాలుగువేల అడుగుల పైన ఉండాది మా గుట్ట నెత్తి. పగలు ఎండ బాగా కాస్తుంది, తెల్లరాయి మీద పడి మళ్ళా గుత్తులకు కింద నుంచి తగులుతుంది. సాయంత్రం ఐదున్నరకు నేను స్వెట్టరు తొడుక్కోవాల. కింద మడుగు పక్క మడిలో అట్ల కాదు, పొద్దు మునిగినా ఉక్కే. ఆడ కాయ తీపెక్కేలోపల పులుపంతా దిగిపోతుంది. పైన చలి ఆ పులుపును పోనీయదు. తీపి మెల్లగా ఎక్కుతుంది, కోత మూడు వారాలు ఆలస్యం. నేను రోజూ పోయి ఒక కాయ నమిలి, తోలు నమిలి, గింజ గూడా కొరికి, "ఇంకా కాదు" అని వచ్చేసేదాన్ని. సార్‌కు కాలు నిలిచేది కాదు.

ఇంత కష్టపడి కోస్తే ఏమయ్యేదనుకున్నావు? కింద నాలుగు బుట్టలయ్యే చోట పైన ఒకటే అయ్యేది. ఆ ఒక్క బుట్టకు వేరే ట్యాంకు ఎందుకని తీసుకుపోయి కింద కాయల్లో కలిపేసేవాళ్ళు. ఐదారేండ్లు అట్లనే కలిపినారు. పోయిన ఏడు నాకు రోషం వచ్చి రెండు రోజులు పనికి పోలేదు. మూడో రోజు సార్ మా ఇంటికొచ్చి, "సరే అలివేలమ్మా, చిన్న ట్యాంకు ఒకటి నీ పై మడికి ఇస్తాను, రా" అన్నాడు. రెండు నెలలకు దాన్ని రుచి చూసి మొహం చిట్లించినాడు. "పుల్లగా ఉంది, గట్టిగా ఉంది, దీన్ని ఎవరు తాగుతారు?" అన్నాడు. కానీ ట్యాంకు కదిలించలేదు. నేను మాత్రం వైను తాగను, ఆ వాసనకే నాకు తల తిరుగుతుంది. నాకు తెలిసింది కాయ రుచి ఒక్కటే.

ఈ ఏడు కోత ముగిసి నాలుగు రోజులైందో లేదో సార్ నన్ను పిలిచి కూర్చోబెట్టినాడు. కూర్చోమన్నాడంటేనే నాకు అనుమానం వచ్చింది. "పైన కాటేజీలు కడదామనుకుంటున్నాను. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు ఆ గుట్ట మీద నుంచి చూసే సొగసే కావాలి. వచ్చే సోమవారం జేసీబీ వస్తుంది."

"తీగలు?"

"పీకేయాలి. ఏం చేయను చెప్పు, వాటికి కాపు లేదు."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన జాలిపడతాడు, జాలి ఎన్ని రోజులుంటుంది? "ఒక్కసారైనా దాన్ని విడిగా ఎవరికైనా తాగించినారా సార్? తాగించకుండానే పీకేస్తారా?" అని అడిగినాను. ఆయన గోడకున్న క్యాలెండరు వైపు తిరిగినాడు. తర్వాత చెప్పినాడు, బుధవారం సుజాత గారని ఒకామె హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసుకు వస్తా ఉందని. పెద్ద హోటళ్ళకు వైన్లు ఎంచేది ఆమేనంట. "నేను ఏదేదో చెప్పను. ఆమె ముందు అన్నీ పెడదాం. పైదాన్ని ఆమె మెచ్చుకుంటే పీకను. మెచ్చుకోకపోతే నువ్వు నన్నేమీ అనకూడదు." సరే సార్ అన్నాను. మాట ఇచ్చినాను కదా, ఇంక చేసేదేముండాది.

ఆ సాయంత్రమే నేనే పోయినేటి వైనుండే ఐదు ట్యాంకుల నుంచి ఐదు సీసాలు పట్టి, తెల్ల టేపు అంటించి, పెన్నుతో పేర్లు రాసినాను. మడుగు. ఎర్రమన్ను. నడిమి. మెరక. సున్న. మెరక అంటే ఏమీ లేదు, కింద షెడ్డు పక్కన ఎర్రమన్నే రవ్వంత ఎత్తుగా ఉండే చోటు, దానికి ఆ పేరు. సీసాలు మంగళవారం టెంపోలో పోయినాయి. ఆ మధ్యాహ్నం శ్రీజ ఫోన్ చేసింది. శ్రీజ మా కొత్త ల్యాబు అమ్మాయి. తెనాలి పక్క పిల్ల, మారతహళ్ళిలో అద్దెకుంటుంది, కుందలహళ్ళిలో మా ల్యాబు చూసుకుంటుంది. చేరి మూడు వారాలే, గుట్ట మీదికి ఇంకా రాలేదు.

"ఆంటీ, సీసాలొచ్చాయి. రేపు నేనే సర్వ్ చేయాలి, ఫుల్ టెన్షన్‌గా ఉంది. ఈ సున్న అని రాసిన బాటిల్ కూడా టేబుల్ మీదకి కావాలా?"

"కావాలా ఏంది తల్లీ! అది లేకుండా ఏమీ మొదలుపెట్టొద్దు. ముందు అదే."

"ఓ, ముందు అదేనా. ఓకే ఆంటీ, అర్థమైంది."

ఏం అర్థమైందో నేను అడగలేదు. అడిగుంటే ఈ కథే లేదు.

బుధవారం పొద్దున్నే బయలుదేరినాను. హెబ్బాళ దగ్గర బస్సు మారి రింగురోడ్డు పట్టినాను. మారతహళ్ళి బ్రిడ్జి కింద బస్సు ఎంతసేపు నిలబడిందంటే, నా పక్కనున్న అమ్మాయి ఒక మీటింగు మొత్తం ఫోన్లోనే ముగించేసింది. హెచ్‌ఎస్‌ఆర్‌లో దిగి ఉరుకులు పరుగుల మీద పోతే కింద వాచ్‌మన్ "హౌస్‌కీపింగా?" అన్నాడు. "కాదప్పా, వైను చేసేదాన్ని" అన్నాను. నవ్వినాడు. నాకు మండింది గానీ వాడితో తగువుకు టైములేదు, మూడంతస్తులు మెట్లెక్కినాను.

అద్దాల గది. పొడుగు బల్ల మీద తెల్లగుడ్డ, గ్లాసులు. ప్రసాద్ సార్ ఒక పక్క, శ్రీజ నిలబడి, ఎదురుగా సుజాత గారు. నలభై ఏండ్లుంటాయి, నూలు చీర, జుట్టు ముడి. గ్లాసులో నుంచి గుక్కెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న స్టీలు బకెట్లో ఉమ్మేస్తా ఉండాది. ఏడాది కష్టం అట్ల బకెట్లో పడతా ఉంటే చూసేదానికి నాకు ప్రాణం ఎట్లో అయ్యింది. అదే వాళ్ళ పద్ధతంట. నేను తలుపు దగ్గరే నిలబడినాను.

"ఇది గూడా బాగుంది ప్రసాద్ గారూ" అనింది ఆమె నాలుగో గ్లాసు కింద పెట్టి. మాట మా సీమ మాట. "నాలుగూ శుభ్రంగా ఉండాయి, తప్పు పట్టేదానికి లేదు. కానీ నిజం చెప్పాల కదా, ఇట్లాంటివి నా దగ్గర శానా ఉండాయి."

సార్ నా వైపు తిరిగినాడు. ఆయన మొహంలో గెలిచిన సంతోషం లేదు, అది మాత్రం చెప్పాల. "వచ్చావా అలివేలమ్మా. విన్నావు కదా. పై మడి కూడా రుచి చూశారు. నేను నోరు విప్పలేదు, శ్రీజను అడుగు."

అప్పా, ఆ మాట విని కుర్చీ పట్టుకుని నిలబడినాను. పదకొండేండ్లు. అన్నభేది నీళ్ళకు ఎర్రబడిన నా వేళ్ళు చూసుకున్నాను. సోమవారం జేసీబీ పండ్లు ఆ పగుళ్ళలో దిగి వేర్లు లాగేది కండ్లముందు కనబడింది. నా నాలుకే నాకు అబద్ధం చెప్పిందా? ఊరికే రేగుకాయ నమ్మి ఇంత చేయించినానా? మాట ఇచ్చినాను కాబట్టి ఆయన్ను ఏమీ అనలేను. "సరే సార్" అన్నాను.

సుజాత గారు పుస్తకం మూయబోయి ఆగింది. మొదటి గ్లాసు మళ్ళా ఎత్తి వాసన చూసింది. రెండోది చూసింది. మొహం అదోరకంగా పెట్టి శ్రీజను అడిగింది. "ఈ గ్లాసులు ఎట్ల కడిగినారమ్మా?"

శ్రీజకు చెమట్లు పట్టినాయి. "సోప్ అసలు వాడలేదు మేడమ్. ప్రామిస్. వేణ్ణీళ్ళతోనే. స్మెల్ ఏమైనా వస్తోందా? సారీ మేడమ్, వేరే గ్లాసులు తెప్పిస్తాను."

"సారీ ఎందుకు, సోపు కాదు. నాలుగు గ్లాసుల్లోనూ వైను పోయంగానే ముక్కుకు ఒకటి తగిలింది. నాలుగిట్లోనూ అదే. నిమ్మతొక్క గిల్లినట్లు, వెనకాల ఉప్పు మాదిరి ఒకటి, చల్లగా. ఒక్క క్షణమే. తాగినాక చూస్తే లేదు, మీ వైను కిందికి అది పోయింది. గ్లాసుదే అయ్యుండాల. అది వైనులో ఉంటే నేను ఈ పుస్తకం మూసేదాన్ని కాదు."

నిమ్మతొక్క. ఉప్పు. చల్లగా. నేను రోజూ పైన నిలబడి తోలు నమిలేటప్పుడు నాలుక చివర్న ఉండేది అదే కదా! అప్పుడు చూసినాను బల్ల మీద సీసాలు. మడుగు, ఎర్రమన్ను, నడిమి, మెరక. నాలుగే.

"శ్రీజమ్మా. నా సున్న యాడ?"

"సున్నానా? అది కింద పెట్టేశాను ఆంటీ. అయిపోయింది."

"అయిపోవడం ఏంది?"

"మీరే చెప్పారు కదా, ముందు అదే, అది లేకుండా మొదలుపెట్టొద్దని. దాంతోనే గ్లాసులన్నీ తొలిపాను, రెండేసి సార్లు. మా పాత కంపెనీలో అంతే ఆంటీ, టేస్టింగ్‌కి ముందు గ్లాసులు తొలపడానికి ఒక బాటిల్ పక్కన పెడతాం, దాని మీద జీరో అని రాస్తాం. మీరు తెలుగులో సున్నా అని రాశారు. నేను ఎంత బాగా లేబుల్ చేశారో అనుకున్నా."

"జీరోనా!" నా అరుపుకు అద్దం అవతల కంప్యూటర్ల ముందున్న పిల్లకాయలు గూడా తలెత్తినారు. "నీ జీరో నాశనం గాను! సున్న అంటే సున్నమే! సున్నపు గుట్ట! నా పై మడి! దాంతో గ్లాసులు తొలిపినావా? ఓయమ్మా, పదకొండేండ్ల పంటను అంట్లు తోమే నీళ్ళ మాదిరి బకెట్లో పోసినావే!"

"మరి మెరక?" అన్నాడు సార్ లేచి నిలబడి. "మెరక అంటే ఎత్తు కదా. నేను పై మడి అదే అనుకున్నాను."

"మెరక షెడ్డు పక్కది సార్! మోకాలెత్తు మెరక! తోట మీది, మీకే తెలియదా?"

శ్రీజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నాకు ఆ పిల్ల మీద కోపం ఎంతుండాదో జాలి అంతే వచ్చింది. అది చేసిందంతా నేను చెప్పినట్లే చేసింది మరి. అయినా జాలి చూపించేదానికి అప్పుడు టైములేదు. బల్ల గుడ్డ ఎత్తి వంగి చూసినాను. సీసా గోడకు ఆనించి ఉండాది, నా చేతిరాత నన్నే వెక్కిరిస్తా ఉంది. ఎత్తి వెలుగులో పట్టుకున్నాను. అడుగున రెండు వేళ్ళంత మిగిలింది.

సుజాత గారు చెయ్యి చాపింది. "ఇట్లియ్యి అక్కా."

ఆమె బీరువాలో నుంచి కొత్త గ్లాసు తీసి, నీళ్ళతో కడిగి, తుడిచి, ఆ రెండు వేళ్ళలో సగం పోసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది, శానాసేపు. గుక్క తీసుకుంది. నోట్లో తిప్పింది. బకెట్ ఆమె మోచేతి దగ్గరే ఉండాది. నేను ఆ బకెట్‌నే చూస్తా ఉండాను.

ఉమ్మలేదప్పా. మింగేసింది.

"ఎక్కడ పండింది ఇది?" అనింది నన్ను చూసి, సార్‌ను కాదు.

ఇంక నా నోరు ఆగుతుందా? రాయి చెప్పినాను, పగుల్లోకి దిగిన వేరు చెప్పినాను, ఐదున్నరకు తొడుక్కునే స్వెట్టరు చెప్పినాను, పసుపెక్కిన ఆకు చెప్పినాను, రేగుచెట్టు గూడా చెప్పేసినాను. ఆమె నవ్వింది. "మాది బేతంచర్ల పక్క. మా ఇంటి చుట్టూ నాపరాయి గనులే. సున్నపురాయి నేల ఎట్ల సతాయిస్తుందో నాకు తెలుసు."

శ్రీజ కండ్లు తుడుచుకుని మెల్లగా అనింది. "ఒక్క మాట చెప్పొచ్చా? సైంటిఫిక్‌గా అయితే రాయి రుచి వైన్‌లోకి రాదు మేడమ్. వేరు సున్నాన్ని పీల్చి కాయలో పెట్టదు."

"పెడుతుందని నేను చెప్పినానా?" అన్నాను. "ఆ రాయి కడుపునిండా పెట్టదు, అదే అది చేసే మేలు. చలి పులుపును కాపాడుతుంది. మిగతా కష్టమంతా ఆ తీగే పడతాది."

"అదే ఆంటీ, అదే. అందుకే దీని పులుపు నంబరు మిగతా నాలుగింటికంటే అంత వేరుగా వచ్చింది. ల్యాబులో చూసి ఇది టేస్టింగ్‌కి పెట్టేది కాదేమో అనుకున్నాను. జీరో అని రాసి ఉంటే ఇంకా నమ్మేశాను." ముక్కు చీదుకుంటా చెప్పింది పాపం. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

సార్ సీసాలో మిగిలిందంతా తన గ్లాసులో వంచుకున్నాడు, గుక్కెడు గూడా లేదు. రెండు నెలలప్పుడు రుచి చూసి మొహం చిట్లించిన మనిషి, మళ్ళా ఈరోజే. తాగినాడు. గ్లాసు కింద పెట్టి కిటికీ పక్క తిరిగి నిలబడినాడు. ఆయన మొహం చూడాలని నాకు ప్రాణం కొట్టుకుంది, కానీ పోలేదు.

"ఇది ఇంకా కాలేదు ప్రసాద్ గారూ" అనింది సుజాత గారు. "ఉత్తిమాటలు చెప్పను. ఇంకా ఒక ఏడాది ట్యాంకులో పడుకోవాల, లోపల గట్టిగా ముడుచుకుని ఉండాది. కానీ విప్పుకునిందంటే, ఇట్లాంటిది మన పక్క నుంచి నేను ఇంతవరకు రుచి చూడలేదు. ఆ చిన్న ట్యాంకు మొత్తం నాకే రాసిపెట్టండి. ఇంకెవరికైనా ఇస్తే మీతో మాట్లాడను."

సార్ ఇటు తిరిగినాడు. ఫోను తీసినాడు. జేసీబీ వాడి పేరు బాలరాజు, మా ఊరోడే. "బాలరాజు, ప్రసాద్‌ను. సోమవారం సంగతి. ఆఁ, రావాలి, రావాలి." నా ప్రాణం జారిపోయింది. "కానీ పైకి పోవద్దు. పైన ఒక్క తీగ మీద చెయ్యి వేసినా అలివేలమ్మ నిన్ను బట్టీలో వేసి కాలుస్తుంది. షెడ్డు పక్కన మెరక ఉంది చూడు, అది. ఆఁ, కాటేజీలు అక్కడే."

నేను కుర్చీలో కూలబడి ఏడ్చేసినాను. అంతవరకు పట్టుకున్నదంతా ఒకేసారి వచ్చేసింది. సార్ నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చినాడు, "సారీ అలివేలమ్మా, నేను దాన్ని ఇంకోసారి రుచి చూసుండాల్సింది" అన్నాడు. ఆయనతో అట్లాంటి మాట నేను అంతవరకు వినలేదు. ఇచ్చింది ఏ గ్లాసులోనో ఏమో, నీళ్ళలో గూడా నాకు నిమ్మతొక్క వాసన వచ్చింది. ఒక పక్క మెరక తీగలు గూడా గుర్తొచ్చినాయి. అవీ నేను కట్టినవే, వాటి తప్పేముంది? సోమవారం బాలరాజు వాటిని పీకేటప్పుడు నేను ఆ పక్కకు పోలేదు.

శ్రీజ ఖాళీ సీసా ఎత్తి టేపు మీద రాత చూస్తా నిలబడింది. "ఆంటీ, తిట్టనంటే ఒకటి చెప్తాను. మీరు చివర ఒక్క సున్న పెట్టుంటే ఈ గొడవే ఉండేది కాదు. సున్న పక్కన సున్న పెడితేనే కదా సున్నం."

తిట్టినాను. ఎందుకు తిట్టను? తెలుగు నాకు నేర్పించేదానివా అన్నాను, మా పక్క ఇట్లనే అంటారు అన్నాను, బస్సు దాకా తిట్టుకుంటానే పోయినాను. వారమంతా తిట్టుకున్నాను.

తర్వాతి బుధవారం శ్రీజ మొదటిసారి గుట్ట మీదికి వచ్చింది. ఏప్రిల్ కత్తిరింపు నడుస్తా ఉంది. ఆ పిల్ల చెప్పులు విడిచి తెల్లరాయి మీద నిలబడి, ఒక రాయి పగలగొట్టమని అడిగి, లోపలి తడిని వేలితో తాకి చూసింది. సాయంత్రం కాంగానే వణికిపోయింది, నా స్వెట్టరు తీసి ఇచ్చినాను. కిందికి దిగి ట్యాంకుల షెడ్డులోకి పోయినాము. చిన్న ట్యాంకుకు నల్లపలక వేలాడతా ఉండాది, దాని మీద నా రాతే, "సున్న". ఆ పలకల మీద నేను బలపంతో రాయను. మా అమ్మ మోసిన ఆ గుట్ట రాయి ముక్క ఒకటి ఎప్పుడూ కొంగున కట్టుకుని ఉంటాను, దాంతోనే రాస్తాను.

"ఏమీ అనకూడదు, నవ్వకూడదు" అని శ్రీజకు చెప్పి, కొంగు ముడి విప్పి, ఆ రాయితో చివర ఇంకొక సున్న చుట్టినాను.